తప్పు ఎప్పుడు నేరమవుతుంది?

మీరు అడిగింది ఇది: "ఒక దేశంలో నేరమైనది ఇంకో దేశంలో కాదు. నిన్న నేరం కానిది ఇవాళ నేరం. మరి నేరం అనడానికి కొలబద్ద ఏమిటి? ఒకే తప్పుకి ఒకచోట జరిమానా, ఇంకోచోట ఉరి ఎందుకు?"

పాతికేళ్ళకు పైగా క్రిమినల్ కోర్టుల్లో నలిగినవాణ్ణి. సగం కాలం ప్రాసిక్యూషన్ వైపు, సగం డిఫెన్స్ వైపు. జవాబు కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందు ఒక సంగతి చెప్తాను. గొలుసు దొంగతనం కేసులో ఫిర్యాది ఒక పెద్దావిడ. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రోజు కోర్టు వరండాలో నా చేతిలోని కాగితాలు తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివింది. "గొలుసు పోయింది నాది. మెడ గీరుకుపోయింది నాకు. మరి ఇక్కడ ప్రభుత్వం వర్సెస్ ఆ అబ్బాయి అని రాశారేంటి బాబూ? నా పేరేదీ?" అంది. లోపలి పేజీ తిప్పి సాక్షుల జాబితాలో చూపించాను. ఒకటో సాక్షి. ఆవిడ ముఖం చిన్నబోయింది. లా కాలేజీలో బట్టీపట్టిన నిర్వచనాలన్నీ ఒకెత్తు, ఆ ప్రశ్న ఒకెత్తు. మీరడిగినదానికి జవాబు కూడా అక్కడే ఉంది.

తెలుగులో మనకి మూడు మాటలున్నాయి: పాపం, తప్పు, నేరం. పాపం లెక్క పైవాడి దగ్గర తేలుతుంది. తప్పు మనిషికీ మనిషికీ మధ్యది, "తప్పయిపోయింది" అంటే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. నేరం దగ్గరికొచ్చేసరికి మధ్యలోకి మూడోవాడు దిగుతాడు. ఒకప్పుడు రాజు, ఇప్పుడు ప్రభుత్వం. "ఇది మీ ఇద్దరి గొడవ కాదు, నాది" అంటాడు. మీ బాకీ ఎవరైనా ఎగ్గొడితే వెళ్ళి సివిల్ దావా వేసుకోమంటాడు. మీ జేబు కొడితే మాత్రం తానే వచ్చి పట్టుకుంటాడు. పోయిన డబ్బు బాకీలోనే ఎక్కువ ఉండొచ్చు, అయినా సరే. అంటే నష్టం ఎంతన్నది కాదు, ఆ నష్టాన్ని ఎవరు తమ పేరు మీద రాయించుకున్నారన్నదే తేడా. పెద్ద కేసుల్లో ఫిర్యాది "రాజీ పడిపోయాం సార్, వదిలేయండి" అని దణ్ణం పెట్టినా కేసు నడిచేది అందుకే.

ఇది మొదట్నుంచీ ఇలా లేదు. సుమారు క్రీ.శ. 600లో, ఇప్పటి ఇంగ్లండ్‌లోని కెంట్ రాజ్యాన్ని ఏలిన ఎథెల్‌బెర్ట్ చట్టాలు చూస్తే ధరల పట్టీలా ఉంటాయి. బొటనవేలు తెగ్గొడితే 20 షిల్లింగులు. బొటనవేలి గోరు ఊడగొడితే 3. మధ్యవేలికి 4, చిటికెన వేలికి మాత్రం 11. ముందుపళ్ళు ఒక్కోటి 6. స్వతంత్రుడైన మనిషిని చంపితే 100 షిల్లింగులు, చచ్చినవాడి బంధువులకి. ఉరి మాట లేదు, జైలు మాట లేదు. పగ మొదలైతే తరాల తరబడి చంపుకుంటూ పోతారు కాబట్టి, పగకి ఒక ధర కట్టి అక్కడితో ఆపెయ్యడం ఆ చట్టం పని. అదే పట్టీలో ఇంకో వాక్యం ఉంది. స్వతంత్రుణ్ణి చంపినవాడు రాజుకి కూడా 50 షిల్లింగులు కట్టాలి.

రాజుకి ఏం పోయిందని? ఆయన రాజ్యంలో ఒక మనిషి పోయాడు, ఆయన కాపాడతానన్న శాంతి చెడింది. నన్నడిగితే క్రిమినల్ లా మొత్తం ఆ 50 షిల్లింగుల్లోంచి మొలిచింది. తర్వాతి శతాబ్దాల్లో రాజు వాటా పెరుగుతూ వచ్చింది, బంధువుల వాటా కరుగుతూ పోయింది. పెద్ద నేరాలన్నీ 'రాజు కేసులు' అయ్యాయి. దోషి వస్తువులు కూడా రాజు ఖజానాకే జమ. నష్టపోయిన మనిషి చివరికి సాక్షిగా మిగిలాడు. నా పెద్దావిడ గొడవ అంత పాతది.

ధర కట్టడం మొదలయ్యాక ఎవరి ధర ఎంతన్నది వస్తుంది. 'కంటికి కన్ను' అనగానే అందరూ క్రూరత్వం అంటారు గానీ, అది ఒక హద్దు కూడా. ఒక కంటికి ఒక కన్నే, రెండు కళ్ళూ పీకకూడదు, ఇల్లు తగలబెట్టకూడదు. క్రీ.పూ. 18వ శతాబ్దపు బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాల్లో ఈ మాట ఉంది. వాటిని చెక్కిన నల్లరాయి 1901లో ఇరాన్‌లోని సూసాలో బయటపడింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో మెలిక చూడండి. కన్ను పోయింది దొరదైతే పొడిచినవాడి కన్ను తీస్తారు. సామాన్యుడిదైతే ఒక మీనా (అప్పటి తూకం) వెండి ఇస్తే సరి. బానిసదైతే వాడి ఖరీదులో సగం. పని ఒకటే, శిక్షలు మూడు. మన ధర్మశాస్త్రాల్లోనూ వర్ణాన్ని బట్టి శిక్ష మారేది. ఎవరి కన్నైనా కన్నే అనుకోవడం చాలా కొత్త సంగతి. ఇంకా పూర్తిగా అలవాటు కాలేదని కోర్టు వరండాలో వారం రోజులు కూర్చుంటే మీకే తెలుస్తుంది.

ఇక పని ఒక్కటే చాలదు, దాని వెనక మనసు కూడా చూడాలి. 1457లో ఫ్రాన్స్‌లోని సావిన్యీ అనే చోట ఐదేళ్ళ పిల్లవాణ్ణి చంపిందని ఒక ఆడపందిని విచారణ జరిపి ఉరితీశారు. దాని ఆరు పిల్లలూ ఒంటినిండా రక్తం మరకలతో అక్కడే దొరికాయి. కానీ అవి కూడా చంపాయనడానికి సాక్ష్యం లేదని వదిలేశారు. ఈ కథ చెప్తే నా జూనియర్లు పడీ పడీ నవ్వేవారు. నవ్వండి, కానీ ఆ రోజు పందిపిల్లలకి ఇచ్చిన సంశయ లబ్ధి ఇవాళ్టికీ కొంతమంది మనుషులకి దొరకదు. ఇప్పుడైతే ఆ పంది మనసులో ఏముందో తేల్చలేం కాబట్టి కేసే ఉండదు. చేతిలోని కత్తి జారి గుచ్చుకుంటే ప్రమాదం, తగవులో ఒళ్ళు తెలియక పొడిస్తే ఒక సెక్షన్, రాత్రంతా కాపు కాసి పొడిస్తే ఇంకో సెక్షన్. గాయం అదే, పోస్టుమార్టం రిపోర్టు అదే. మా వాదనల్లో సగం ఈ మనసు చుట్టూనే తిరుగుతాయి.

మతి స్థిమితం లేనివాళ్ళ సంగతి 1843లో లండన్‌లో తేలింది. మెక్‌నాటెన్ అనే మనిషి ప్రధానమంత్రి అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపాడు. జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు జనం, అతన్ని నిర్దోషి అంది, దేశమంతా గగ్గోలు పెట్టింది. చేస్తున్న పని ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని జబ్బులో ఉన్నవాడికి నేరం అంటదన్న సూత్రం ఆ గొడవలోంచే వచ్చింది. చాలా దేశాల కోర్టుల్లో ఇప్పటికీ ఏదో ఒక రూపంలో నడుస్తోంది.

నాకు మాత్రం అన్నిటికన్నా నిద్ర పట్టనివ్వని కేసు 1884 నాటిది. మిన్యొనెట్ అనే చిన్న నౌక ఇంగ్లండ్ నుంచి సిడ్నీ వెళుతూ సముద్రం మధ్యలో మునిగింది. పడవలో నలుగురు. తినడానికి రెండు డబ్బాల టర్నిప్ దుంపలు, తర్వాత దొరికిన ఒక తాబేలు. తాగడానికి నీళ్ళు లేవు. దాదాపు మూడు వారాలకి, అందరికన్నా చిన్నవాడు, 17 ఏళ్ళ కుర్రాడు, స్పృహ తప్పే స్థితికొచ్చాడు. కెప్టెన్ అతన్ని చంపాడు, మిగిలినవాళ్ళు తిన్నారు. నాలుగైదు రోజులకే ఒక ఓడ వచ్చి వాళ్ళని రక్షించింది. ఒడ్డుకి చేరాక ఏమీ దాచలేదు, అన్నీ చెప్పేశారు. అలా చెయ్యకపోతే నలుగురమూ చచ్చేవాళ్ళమన్నది వాళ్ళ వాదన. జనం సానుభూతి కూడా వాళ్ళవైపే. కోర్టు మాత్రం ఒప్పుకోలేదు. తన ప్రాణం కోసం ఏ తప్పూ చెయ్యనివాడి ప్రాణం తియ్యడం హత్యేనంది, మరణశిక్ష వేసింది. తర్వాత రాణి పేరు మీద ఆ శిక్షని ఆరు నెలల జైలుకి తగ్గించారు.

నేరం అన్న పేరు దగ్గర వెంట్రుకవాసి కూడా తగ్గలేదు, శిక్ష దగ్గర మనిషిలా ఆలోచించారు. ఏది నేరమన్నది ఒక ప్రశ్న, దానికి ఎంత శిక్షన్నది వేరే ప్రశ్న. జనం ఈ రెంటినీ కలిపేసి టీవీల ముందు అరుస్తుంటారు.

మరి ఏది నేరమో రాసేదెవరు? కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు. అమెరికాలో 1850 నాటి చట్టం ప్రకారం పారిపోయిన బానిసని ఇంట్లో దాచితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా. మనిషిని కొని, అమ్మి, కొరడాతో కొట్టడం దక్షిణాది రాష్ట్రాల్లో నేరం కాదు, వాడికి అన్నం పెట్టి తలుపేయడం నేరం. బ్రిటిష్ పాలనలో మన దేశంలో 1871లో తెచ్చిన చట్టమైతే కొన్ని తెగల్లో పుట్టడాన్నే నేరంగా రాసింది. ఏ పనీ చెయ్యక్కర్లేదు, పుడితే చాలు, స్టేషన్‌లో పేరు రాయించుకోవాలి. అది పోయింది 1952లో. ఇంగ్లండ్‌లో 1961 దాకా ఆత్మహత్యకి ప్రయత్నించి బతికినవాడు ముద్దాయి. అదే ఇంగ్లండ్‌లో భార్యని బలాత్కరించిన భర్త మీద కేసు నిలవదన్న మాట 1991లో గానీ పోలేదు. చావబోయినవాడు నేరస్థుడు, ఇంట్లో హింసించినవాడు పెద్దమనిషి. ఆ కలం ఆడవాళ్ళ చేతిలో ఉండి ఉంటే ఈ రెండూ అన్నాళ్ళు నిలిచేవా?

కొన్ని ఘోరాలకి పేరు కూడా లేదు. ఒక జాతిని జాతిగా తుడిచిపెట్టడానికి 'జెనోసైడ్' అన్న మాటని రాఫెల్ లెమ్కిన్ అనే న్యాయవాది తయారుచేసి 1944లో అచ్చులో పెట్టాడు. ఐక్యరాజ్యసమితి దాన్ని నేరంగా ఒప్పందంలో రాసింది 1948 డిసెంబరు 9న. ఆ మధ్యలోనే జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల విచారణ జరిగింది. "మేం చేసినప్పుడు ఇది నేరమని ఏ చట్టంలోనూ లేదు" అని నాజీల లాయర్లు వాదించారు. వినడానికి ఒళ్ళు మండుతుంది. కానీ చట్టంలో ముందు రాయకుండా శిక్షించకూడదన్న ఆ నియమమే రేపు మీకూ నాకూ రక్ష. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. న్యూరెంబర్గ్ జడ్జీలు సమాధానం చెప్పారు గానీ, ఆ చర్చ లా కాలేజీల్లో ఇంకా ఆగలేదు.

అలాగని అంతా గాలివాటమేనని నేననను. తోటివాణ్ణి చంపడం, సొత్తు ఎత్తుకుపోవడం, అబద్ధపు సాక్ష్యం చెప్పడం... వీటిని ఊరికే వదిలేసిన సమాజం నేను చదివినంతలో తగల్లేదు. ఆ గట్టి గింజ చుట్టూ పేరుకున్నదే కాలాన్ని బట్టి మారుతుంది. జనం మనసులో తప్పని లేనిదాన్ని చట్టం నేరమంటే ఏమవుతుందో అమెరికా మద్యనిషేధంలో చూసింది. 1920 నుంచి 1933 దాకా తయారీ, అమ్మకం, రవాణా నేరం. తాగడం మాత్రం కాదు! దొంగసారా ముఠాలు బలిసి, పోలీసులు అమ్ముడుపోయి, చివరికి రాజ్యాంగాన్నే మళ్ళీ సవరించుకున్నారు. ఇక గోడ దూకి దొంగిలించేవాడికి బేడీలు, బ్యాలెన్స్ షీటులో దొంగిలించేవాడికి నోటీసు. 'వైట్ కాలర్ నేరం' అన్న మాట 1939లో వచ్చింది, మర్యాద మాత్రం అలాగే ఉంది.

శిక్ష దగ్గరికి వద్దాం. శిక్ష ఎందుకని ఏ జడ్జినడిగినా నాలుగు కారణాలు చెప్తారు: చేసినదానికి అనుభవించాలి, చూసి ఇంకొకడు భయపడాలి, కొన్నాళ్ళు జనం మధ్య లేకుండా ఉండాలి, మారి రావాలి. చిక్కేమిటంటే ఇవి ఒకదాన్నొకటి లాగుతుంటాయి. మారాలంటే నమ్మకం ఇవ్వాలి, భయపెట్టాలంటే బతుకు చెడగొట్టాలి.

భయం గురించి ఒక చిన్న లెక్క చెప్తాను. 18వ శతాబ్దం చివరికి ఇంగ్లండ్‌లో రెండొందలకు పైగా నేరాలకి ఉరి. ఇంట్లోంచి 40 షిల్లింగులు, ఆపైన విలువైన సొత్తు దొంగిలిస్తే ఉరి. జ్యూరీలో కూర్చున్నవాళ్ళు మామూలు మనుషులు, గుడ్డముక్కలకీ చెంచాలకీ మనిషిని ఉరికంబం ఎక్కించడానికి వాళ్ళకి చేతులు రాలేదు. ఏం చేశారంటే, దొంగతనం రుజువైందంటూనే సొత్తు విలువ 39 షిల్లింగులు అని రాసేవారు. లండన్ కోర్టు రికార్డుల్లో ఆ 39 మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. శిక్ష మరీ కఠినమైతే శిక్ష పడటమే తగ్గిపోతుంది. సాక్షి నోరు విప్పడు, జ్యూరీ కళ్ళు మూసుకుంటుంది, జడ్జి సందు వెతుకుతాడు. 1764లో మిలాన్‌కి చెందిన 26 ఏళ్ళ కుర్రాడు, చెజారె బెకారియా, ఇదే రాశాడు: నేరాన్ని ఆపేది శిక్షలోని క్రూరత్వం కాదు, తప్పించుకోలేనన్న నిశ్చయం. 1786లో ఇటలీలోని టస్కనీ రాజ్యం మరణశిక్షని చట్టంలోంచే తీసేసింది. నా అనుభవం కూడా అదే. సెక్షన్‌కి ఎన్నేళ్ళు పడతాయో లెక్కేసుకుని దొంగతనానికి బయల్దేరినవాణ్ణి నేనొక్కణ్ణీ చూడలేదు. అందరూ "దొరకనులే" అనుకున్నవాళ్ళే.

జైలు అంటే అనాదిగా ఉన్న శిక్ష అనుకుంటాం. కాదు. జైలున్నది మనిషిని పట్టి ఉంచడానికే గానీ శిక్షించడానికి కాదని 3వ శతాబ్దపు రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ స్పష్టంగా రాశాడు. శిక్ష అంటే జరిమానా, కొరడా, వెలి, చావు. ఇంగ్లండ్ వాళ్ళు 1788 నుంచి 1868 దాకా లక్షా అరవై వేలమందికి పైగా దోషుల్ని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపారు. జైలే శిక్షగా మారడం ఈ రెండు మూడొందల ఏళ్ళ సంగతి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచిన జైలులో ఒక్కొక్కరికి ఒక్కో గది, పైకప్పులో ఒక చిన్న కిటికీ, చదువుకోను బైబిలు. గదిలోంచి బయటికి తీసుకొస్తే తలకి ముసుగు, ఒకరి ముఖం ఇంకొకరు చూడకుండా. ఒంటరిగా కూర్చుంటే పశ్చాత్తాపం పుడుతుందని కట్టినవాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు. అందులో మతి చెడినవాళ్ళున్నారు. ఆ పద్ధతిని 1913లో వదిలేశారు.

ఒకే తప్పుకి ఇంత తేడా ఎందుకన్నారు కదా. కాలిఫోర్నియాలో మూడోసారి నేరానికి 25 ఏళ్ళ నుంచి జీవితఖైదు దాకా వేసే చట్టం 1994లో వచ్చింది. దాని కింద తొమ్మిది వీడియో క్యాసెట్లు, విలువ దాదాపు 153 డాలర్లు, రెండు షాపుల్లో ఎత్తుకుపోయిన మనిషికి కనీసం 50 ఏళ్ళు పడింది. అమెరికా సుప్రీంకోర్టు 2003లో 5-4తో అది సరేనంది. నార్వేలో 2011లో 77 మందిని చంపినవాడికి పడింది 21 ఏళ్ళు. ఇంకా ప్రమాదకారి అనుకుంటే పొడిగిస్తూ పోవచ్చు, ఆ వెసులుబాటు ఉంది. అయినా అంకెలు పక్కపక్కన పెడితే కళ్ళు తిరుగుతాయి. ఒక సమాజం "వీడు ఇక మనవాడు కాడు" అంటోంది, ఇంకోటి "ఎప్పటికైనా మన పక్కింట్లోకే రావచ్చు" అనుకుని జైలు నడుపుతోంది. కాలిఫోర్నియా ఓటర్లే 2012లో ఆ చట్టాన్ని మెత్తబరిచారు, అదీ చెప్పాలి.

ఇన్ని మాటల్లో నష్టపోయినవాడు మళ్ళీ కనబడకుండా పోయాడు, గమనించారా? నేనూ అదే పని చేశాను. వాణ్ణి తిరిగి తీసుకొచ్చే ప్రయత్నాలు లేకపోలేదు. న్యూజిలాండ్ 1989లో పిల్లల నేరాలకి ఒక పద్ధతి పెట్టింది. తప్పుచేసిన కుర్రాడు, వాడి కుటుంబం, నష్టపోయినవాళ్ళు, పోలీసు ఒకేచోట కూర్చుని ఏం చేస్తే సరిపోతుందో తేల్చుకుంటారు. అక్కడి ఆదివాసులైన మావోరీల ఆలోచన దాని వెనకుంది. రువాండాలో 1994 నరమేధం తర్వాత నిందితులు లక్షమందికి పైగా జైళ్ళలో కిక్కిరిశారు. మామూలు కోర్టులైతే తరాలు పట్టేది. 'గచాచా' పేరుతో ఊరి పెద్దల ఎదుట, ఆరుబయట, దాదాపు ఇరవై లక్షల కేసులు విచారించి 2012లో ముగించారు. చంపినవాడు ఒప్పుకుంటే, శవాల్ని ఎక్కడ పూడ్చాడో చెప్తే శిక్ష తగ్గేది. లాయర్లు లేరు, పాత కక్షలతో ఇరికించడాలు జరిగాయి, అప్పటి యుద్ధంలో గెలిచినవైపు వాళ్ళ నేరాల జోలికి పోలేదు. డిఫెన్స్ లాయరుగా నాకు ఆ పద్ధతి అస్సలు మింగుడుపడదు. కానీ తన బిడ్డ ఎముకలు ఎక్కడున్నాయో ఓ తల్లికి చెప్పడం ఏ చార్జిషీటు వల్లా కాదు, అది కూడా నాకు తెలుసు.

పెద్దావిడ కేసు సంగతి. నేరం రుజువైంది. శిక్ష వేసేముందు జడ్జి అలవాటు ప్రకారం "ఏమైనా చెప్పుకుంటావా?" అని అడిగారు. ఆ కుర్రాడు బోనులో తల వంచుకుని "ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంటుందండి" అన్నాడు. అందరూ అనే మాటే. రెండేళ్ళు పడింది. గొలుసు ఆ రోజు ఆవిడ చేతికి రాలేదు. అప్పీలు గడువు తీరాలి, పిటిషన్ వేసుకోవాలి, అంతవరకు అది కేసు సొత్తు. బయటికొచ్చాక ఆ మాటే చెప్పాను, కోప్పడుతుందనుకున్నాను. గొలుసు గురించి ఒక్క ముక్క అడగలేదు.

"ఆ అబ్బాయి నా వైపు ఒక్కసారైనా చూడలేదు బాబూ" అంది. "నాతో ఏమైనా అంటాడేమోనని ఇంతసేపూ కూర్చున్నాను."